ఆడుతూ పాడే పాప్ గాయకుల గొంతులో అప్పటికప్పుడు పాడింది ఎంత?

మీరు రాసినదాన్ని బట్టి, ఆ ప్రదర్శనలో గాయని రెండో పల్లవి నడుమ మైకును ఛాతీ దాకా దించేశారు, అయినా పాట పిసరంత కూడా తగ్గకుండా వినిపించింది. మరో రెండు పాటల తర్వాత అదే గొంతు ఒక పంక్తి చివర ఆయాసంతో తెగిపోయింది. మొదటిది చూసి అంతా ముందే రికార్డు చేసిందని మీకనిపించింది. రెండోది విని, లేదు, నిజంగానే పాడుతున్నారనిపించింది. పాప్ గాయకులు అంతగా నాట్యం చేస్తూ నిజంగా పాడతారా, లేక పెదవులు మాత్రమే కదుపుతారా అన్నది మీ ప్రశ్న. మీ కన్నూ చెవీ రెండూ సరిగ్గానే పనిచేశాయి. మీరు గమనించిన ఆ రెండు విషయాలూ ఒకే రాత్రి, ఒకే గాయని విషయంలో నిజం కావచ్చు.

లైవ్, లిప్ సింక్ అని రెండే గడులు గీసుకుని చూస్తే ఈ వ్యవహారం అర్థం కాదు. నాట్యం ఎక్కువగా ఉండే పెద్ద కచేరీల్లో సాధారణంగా గాయకుల మైకు తెరిచే ఉంటుంది, వాళ్లు అందులో పాడుతూనే ఉంటారు. కాకపోతే ఆ గొంతు కింద వాళ్లదే ముందుగా రికార్డు చేసిన గొంతు పొరలు పొరలుగా నడుస్తూ ఉంటుంది. ఏది ఎంత వినిపించాలన్నది పాటపాటకూ, చాలాసార్లు పంక్తిపంక్తికీ మారుతుంది. టీవీలో మూడు నాలుగు నిమిషాల పాటు జరిగే ప్రదర్శనల్లో రికార్డింగ్ పాలు బాగా పెరుగుతుంది, కొన్నిసార్లు మొత్తం అదే అవుతుంది. గొంతే తమది కానివాళ్లు మాత్రం అరుదు.

ఇది దూరాన నిలబడి ఊహించి చెబుతున్న మాట కాదు. ఇరవై ఏళ్లకు పైగా నేను వేదిక పక్కన మానిటర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. సభ మధ్యలో కూర్చున్న ఇంజనీరు ప్రేక్షకులకు వినిపించే శబ్దాన్ని కలుపుతారు. గాయకులూ వాద్యకారులూ తమ చెవుల్లో వినే శబ్దాన్ని నేను కలుపుతాను. అందుకోసం ప్రతి మైకునూ విడిగా హెడ్‌ఫోన్‌లో వినే అవకాశం నాకుంటుంది. అంటే, ప్రతిధ్వనీ వంత గొంతులూ చేరి ముస్తాబైన పాట మీకు వినిపిస్తున్న క్షణంలోనే, ఏ ముస్తాబూ లేని ఒంటరి గొంతు నాకు వినిపిస్తుంది.

వేగంగా సాగే ఒక నాట్యగీతంలో ఆ ఒంటరి గొంతు ఎలా ఉంటుందో చెబుతాను. మొదటి చరణం నిండుగా, స్పష్టంగా ఉంటుంది. పల్లవి దగ్గరపడేసరికి ఊపిరి పీల్చుకునే చప్పుడు మాటలతో సమానంగా వినబడుతుంది. ఎగిరి దిగిన ప్రతిసారీ, సాగుతున్న అచ్చు మధ్యలో ఎవరో వీపు మీద తట్టినట్టు చిన్న కుదుపు వస్తుంది. పంక్తుల చివరి అక్షరాలు మింగుడుపడిపోతాయి. పల్లవి మూడో పంక్తిలో గాయని మొదటి రెండు మాటలే పాడి వదిలేస్తారు, మూడు మాత్రల (తాళపు దెబ్బల) పాటు గట్టిగా ఊపిరి తీసుకుంటారు, తర్వాత వచ్చే పైస్వరాన్ని పూర్తి బలంతో అందుకుంటారు. సభలో కూర్చున్నవాళ్లకు మాత్రం పల్లవి ఎక్కడా తెగకుండా వినిపిస్తుంది, ఎందుకంటే ఆమె వదిలేసిన నాలుగు మాటలనూ రికార్డు చేసిన గొంతు నింపింది. ఆ మూడు మాత్రల విరామం దొరకకపోతే ఆ పైస్వరం అసలు ఉండేది కాదు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేది ఆ స్వరానికే, అది నూటికి నూరుపాళ్లు అప్పటికప్పుడు పాడినదే.

ఇలా ఎందుకు చేయాల్సి వస్తుందో తెలియాలంటే ఒంటి లెక్క కొంచెం చూడాలి. ఊరకే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు, ఒక్కోసారి సుమారు అర లీటరు చొప్పున గాలి పీలుస్తాడు. తీవ్రంగా శ్రమించేటప్పుడు నిమిషానికి 40 సార్లకు పైగా ఊపిరి ఆడుతుంది, బాగా సాధన ఉన్నవాళ్లలో నిమిషానికి లోపలికి వెళ్లే గాలి 100 లీటర్లు దాటుతుంది. అంటే ఒక పూర్తి శ్వాసకు ఒకటిన్నర సెకన్ల కన్నా తక్కువ సమయమే మిగులుతుంది. పాట అడిగేది సరిగ్గా దీనికి విరుద్ధం: అర సెకనులో చటుక్కున గాలి పీల్చి, దాన్ని నాలుగు నుంచి ఎనిమిది సెకన్ల పాటు పొదుపుగా, సన్నటి ధారగా వదలమంటుంది. రక్తంలో పేరుకుపోతున్న కార్బన్ డయాక్సైడును బయటికి తోసేయమని మెదడు తొందరపెడుతుంటే, ఇంకో పంక్తి అయ్యేదాకా ఆగమని పాట బతిమాలుతుంది. ఈ పోరులో గెలిచేది ఎప్పుడూ మెదడే. గాయకులు చేయగలిగినదల్లా దాని గెలుపును కాసేపు వాయిదా వేయడమే.

రెండో చిక్కు కండరాలది. స్వరతంత్రుల కింద గాలి పీడనాన్ని నిలకడగా ఉంచేది పొట్ట కండరాలూ, పక్కటెముకల మధ్య కండరాలూ, ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకున్న ఉదరవితానమూ. ఒళ్లు మెలితిప్పినప్పుడు, వంగినప్పుడు, దూకినప్పుడు వెన్నెముకను నిలబెట్టేవి కూడా ఇవే. మామూలు మాటకు స్వరతంత్రుల కింద 5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమైన పీడనం చాలు. గొంతెత్తి పాడితే అది 30 కూడా దాటవచ్చు. అంత ఒత్తిడిని చెదరకుండా పట్టుకోవలసిన కండరాలు అదే క్షణంలో నడుమును తిప్పే పనిలో ఉంటాయి. కాలు నేలకు తగిలినప్పుడు పొట్టలోని అవయవాలు ఒక్కసారి కదిలి గాలిని పైకి నెడతాయి. పీడనం పెరిగితే స్వరం కూడా పైకి జరుగుతుంది. నా హెడ్‌ఫోన్‌లో వినబడే కుదుపు అదే. తెలుగులో ఏదైనా పనిని సునాయాసంగా చేయడాన్ని ఆడుతూ పాడుతూ చేయడం అంటాం గానీ, ఆ రెండు పనులనూ కలిపి చేసేవాళ్ల అవస్థను అంత దగ్గరగా విన్నాక ఆ జాతీయాన్ని నేను తేలిగ్గా వాడలేకపోతున్నాను.

అలాగని ఇది అసాధ్యమూ కాదు. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకశాలల్లో నటులు వారానికి ఎనిమిది ప్రదర్శనలు ఇస్తూ అందులో ఆడతారు, పాడతారు. పింక్ అనే గాయని 2010 గ్రామీ వేడుకలో గాలిలో వేలాడే వస్త్రం మీద తిరుగుతూ పాడారు. టేలర్ స్విఫ్ట్ ఒక్కో ప్రదర్శన మూడు గంటలకు పైగా సాగిన తన ఎరాస్ పర్యటన కోసం, 2023లో అది మొదలయ్యే ముందు నెలల తరబడి ట్రెడ్‌మిల్ మీద పాటలన్నీ గొంతు విప్పి పాడుకున్నానని, వేగం పాటలకు పరుగెత్తానని, నెమ్మది పాటలకు నడిచానని టైమ్ పత్రికకు చెప్పారు. ఆ సాధన ఊపిరితిత్తులను పెద్దవి చేయదు. అదే శ్రమకు గుండె ముందుకన్నా నెమ్మదిగా కొట్టుకునేలా, ఆయాసం త్వరగా తీరేలా చేస్తుంది. పాటకు ఆటకు మధ్య దొరికే పది సెకన్ల విరామంలో ఒకరు తేరుకుంటారు, ఇంకొకరు తేరుకోలేరు. చాలావరకు తేడా అక్కడే.

అయితే ఎంత సాధన ఉన్నా పాటను దానికి తగ్గట్టు మలచకపోతే ప్రయోజనం లేదు. ప్రేక్షకులకు ఎప్పటికీ కనిపించని పని ఇది, నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే ఇష్టమైనది కూడా. ఒక పర్యటనకు ముందు జరిగిన సాధనలో సంగీత దర్శకుడు, నాట్య దర్శకురాలు, గాయని ఒక బల్ల చుట్టూ కూర్చుని, పాట సాహిత్యం అచ్చువేసిన కాగితం మీద ఊపిరి తీసుకునే ప్రతిచోటా పెన్సిలుతో నిలువుగీత పెట్టారు. ఆరు మాత్రలు నిలిపే ఒక స్వరం కిందనే నాట్య దర్శకురాలు రెండు చుట్లు తిరిగి నేల మీదికి వాలే అడుగు పెట్టుకున్నారు. ఆ అడుగు ఉండాలా, స్వరం ఉండాలా అన్నదాని మీద మూడు రోజులు వాదన నడిచింది. చివరికి తిరగడం, వాలడం నాట్యబృందానికి అప్పగించారు. గాయని మధ్యలో చేయి పైకెత్తి కదలకుండా నిలబడతారు, ఆమె చుట్టూ పదిమంది ఒక్కసారిగా నేలకు వాలతారు. చూసేవాళ్లకు అది పాట మొత్తంలో అత్యంత ఉద్ధృతమైన ఘట్టం. నిజానికి ఆ ఆరు మాత్రల్లో ఆమె రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి.

ఈ దృష్టితో మళ్లీ ఒకసారి ఏ మంచి నాట్యప్రదర్శననైనా చూడండి. కాళ్లూ చేతులూ వేగంగా కదిలే చోట గాయకుల సొంత పంక్తి పొట్టిగా ఉంటుంది, లేదా వంత గొంతులు దాన్ని మోస్తుంటాయి. పాట ఆగి వాద్యాలు మాత్రమే మోగే భాగంలో అసలైన నాట్యం ఉంటుంది. దాని తర్వాత వచ్చేది తరచుగా కుర్చీలోనో మెట్ల మీదో కూర్చుని పాడే నెమ్మది పాట. దుస్తులు మార్చుకునేటప్పుడు తెర మీద నడిచే వీడియో దుస్తుల కోసం ఎంతో, ఊపిరి కోసం కూడా అంతే. చాలామంది వేదిక మీద పాటను ఆల్బమ్‌లో కన్నా అర స్వరమో, ఒక స్వరమో కిందికి దించుకుంటారు. కొరియా పాప్ బృందాలైతే ఒక్కొక్కరికీ రెండు మూడు పంక్తులు పంచి, ఎవరి వంతు వస్తే వాళ్లు మధ్యకు వచ్చేలా, ఆ కాసేపు వాళ్ల అడుగులు తేలికగా ఉండేలా నాట్యాన్ని కూర్చుకుంటాయి.

ఇక ఆ పొరల సంగతి. ప్రదర్శనను నడిపే కంప్యూటర్లు మామూలుగా రెండుంటాయి, రెండూ ఒకే క్షణంలో ఒకే చోట నడుస్తుంటాయి, ఒకటి ఆగితే స్విచ్చర్ అనే పరికరం వెంటనే రెండోదాన్ని అందుకుంటుంది. వాటిలోంచి వచ్చేవన్నీ విడివిడి ట్రాకులు: వేదిక మీద లేని వాద్యాలు ఒకటి, వంత గొంతులు ఒకటి, గాయకుల గొంతునే రెండోసారి పాడించి చిక్కదనం కోసం కలిపినది ఇంకొకటి. తాళాన్ని చూపే క్లిక్ శబ్దం, రాబోయే భాగాన్ని ముందే చెప్పే మాట వేదిక మీదివాళ్ల చెవులకు మాత్రమే వెళ్తాయి. వీటికి తోడు చాలా ప్రదర్శనల్లో పూర్తి ప్రధాన గొంతు కూడా విడిగా ఒక ఫేడర్ (శబ్దాన్ని పెంచి తగ్గించే జారుడు మీట) మీద సిద్ధంగా ఉంటుంది. జలుబు చేసిన రోజున, నాట్యం మరీ బరువైన పాటలో, దాన్ని పైకి తెస్తారు. సభ మధ్యలోని ఇంజనీరు రెండు వేళ్లు ఆ రెండు ఫేడర్ల మీదే ఉంటాయి, ఒకటి మైకుది, రెండోది ఆ రికార్డింగ్‌ది. మైకులోంచి వచ్చే గొంతు తగ్గగానే ట్రాకును వాటంతటవే పైకి తెచ్చే పరికరాలు కూడా ఉన్నాయి గానీ, పాట తెలిసిన మనిషి చేయి చేసినంత సున్నితంగా అవి చేయలేవని నా అభిప్రాయం.

ఈ ఏర్పాటులో నాకు నిజంగా బాధ కలిగించేది రికార్డు చేసిన గొంతు కాదు, క్లిక్. దీపాలూ, తెర మీది బొమ్మలూ, బాణసంచా అన్నీ ఒకే టైమ్‌కోడ్‌కు, అంటే అన్నిటినీ ఒకే గడియారం మీద నడిపే సంకేతానికి, కట్టుబడి ఉండటం వల్ల పాట వేగం సెకనులో పదో వంతు కూడా అటూ ఇటూ జరగడానికి వీలుండదు. అమెరికన్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఆడుతూ పాడుతూనే ఒక్క చేతి సైగతో బ్యాండును తనకు కావలసిన చోట మలుపు తిప్పేవారు. ఊపిరి చాలకపోతే వాద్యాలను ఇంకో చుట్టు తిప్పించుకోగలిగేవారు. ఈనాటి గాయకులకు ఆ వెసులుబాటు లేదు. ఊపిరి ఉన్నా లేకున్నా పల్లవి వచ్చేస్తుంది. వాళ్లు ట్రాకు మీద ఆధారపడటానికి సగం కారణం ఇదే.

మైకుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మీ అనుమానం మొదలైంది అక్కడే. చేతులు ఖాళీగా ఉంటేనే నాట్యం పూర్తిగా సాధ్యం. 1979 పర్యటనలో బ్రిటిష్ గాయని కేట్ బుష్ కోసం ఆమె సౌండ్ ఇంజనీరు బట్టలు తగిలించే తీగ హ్యాంగర్‌ను వంచి తలకు పెట్టుకునే వైర్‌లెస్ మైకు తయారుచేశారు. 1990లో మడోనా పర్యటనతో అలాంటి మైకు ప్రపంచమంతటికీ పరిచయమైంది. అది నోటికి ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటుంది కాబట్టి స్థాయి మారదు. కానీ రొప్పు, అడుగుల చప్పుడు, స్పీకర్ల మోత అన్నిటినీ పట్టేస్తుంది. చేతి మైకు దృఢమైనది, నోటి ముందున్నదాన్నే ప్రధానంగా తీసుకుంటుంది. కానీ దానికొక కచ్చితమైన లెక్క ఉంది: నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెళ్లు పడిపోతుంది. పెదవులకు రెండు సెంటీమీటర్ల దూరంలోని మైకు నాలుగుకు జరిగితేనే ఆ తేడా తెలియాలి, ఛాతీ దాకా దిగితే గొంతు దాదాపు మాయం కావాలి. మైకు కదులుతున్నా గొంతు కదలకుండా ఉందంటే ఆ క్షణంలో మీరు వింటున్నది మైకులోంచి వస్తున్నది కాదు. ఇది నిక్కచ్చి రుజువే, కానీ ఆ క్షణానికి మాత్రమే.

చెవుల్లోని ఇయర్‌ఫోన్లు అలంకారం కాదని కూడా తెలియాలి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 60 మీటర్ల దూరపు స్పీకర్ నుంచి వచ్చే పాట దాదాపు సెకనులో ఐదో వంతు ఆలస్యంగా వేదికకు చేరుతుంది. ఆ ఆలస్యపు పాటను వింటూ శ్రుతి, తాళం నిలుపుకోవడం దుస్సాధ్యం. 2016 డిసెంబర్ 31 రాత్రి న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో గాయని మరియా కేరీ తనకేమీ వినబడటం లేదని చెబుతూ పాడటం ఆపేశారు, ఆమె గొంతుతో సహా ట్రాకు నడుస్తూనే ఉంది. జనం దాన్ని చూసి ఆమెకు పాడటం రాదన్నట్టు ఎగతాళి చేశారు. చెవుల్లో ఏమీ లేకుండా అలాంటి చోట నిలబడిన మనిషి పరిస్థితి ఏమిటో నాకు తెలుసు కాబట్టి, ఆ ఎగతాళి నాకు కష్టం కలిగించింది.

టీవీ కార్యక్రమాలదీ మహోత్సవాలదీ వేరే తీరు. వేదికను కొద్ది నిమిషాల్లో నిలబెట్టాలి, శబ్దాన్ని సరిచూసుకునే సమయం ఉండదు, తప్పు జరిగితే దిద్దుకునే రెండో రాత్రి ఉండదు. 1983లో మోటౌన్ రికార్డింగ్ సంస్థ 25వ వార్షికోత్సవ టీవీ కార్యక్రమంలో మైఖేల్ జాక్సన్ బిల్లీ జీన్ పాటకు రికార్డింగ్ మీదే ఆడారు. ఆ నాట్యాన్ని లోకం ఇప్పటికీ తలచుకుంటుంది. నాట్యం ప్రసక్తే లేని చోట కూడా ఇది మామూలే. 1991 సూపర్ బౌల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) విట్నీ హ్యూస్టన్ పాడిన జాతీయగీతం ముందే రికార్డు చేసినది. 2006 టురిన్ శీతాకాల ఒలింపిక్స్ ఆరంభోత్సవంలో ఒపేరా గాయకుడు పవరొట్టి గొంతు కూడా అంతే, చలిలో ఆయన ఆరోగ్యం దానికి కారణం. 2013 జనవరిలో అమెరికా అధ్యక్షుడి ప్రమాణస్వీకారంలో బియాన్సే జాతీయగీతాన్ని తన రికార్డింగ్‌తో కలిసి పాడారు. విమర్శలు వచ్చాక పదిరోజులకే విలేకరుల ముందు నిలబడి ఏ వాద్యమూ లేకుండా అదే గీతం పాడి వినిపించారు. 2014 సూపర్ బౌల్ విరామ ప్రదర్శనలో రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ బృందం గిటార్లను స్పీకర్లకు కలిపే కేబుళ్లే తగిలించలేదు. వాద్యాలన్నీ ముందే రికార్డు చేయాలన్నది నిర్వాహకుల షరతని, గొంతు మాత్రం అప్పటికప్పుడు పాడినదేనని ఆ బృందంలో బేస్ గిటార్ వాయించే ఫ్లీ తర్వాత బహిరంగంగా రాశారు.

వీటన్నిటినీ మిల్లీ వనిల్లీ అనే పాప్ జంట వ్యవహారంతో కలిపి చూడటం న్యాయం కాదు. 1989లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో వాళ్ల ప్రదర్శన మధ్య ట్రాకు ఇరుక్కుని ఒకే ముక్క పదేపదే మోగింది. మరుసటి ఏడాది ఉత్తమ నూతన కళాకారులుగా గ్రామీ అందుకున్నారు. ఆ నవంబరులో వాళ్ల నిర్మాత ఫ్రాంక్ ఫేరియన్ ఆల్బమ్‌లో గొంతు అసలు వాళ్లది కాదని ఒప్పుకున్నాక ఆ పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నారు. అక్కడ జరిగిన అన్యాయం ట్రాకు వాడటం కాదు. పాడినవాళ్ల పేరు దాచి ఇంకొకరి ముఖం చూపించడం.

గొంతు మరీ శ్రుతిలో ఉంది కాబట్టి రికార్డింగే అయి ఉంటుందన్న వాదన కూడా నిలవదు. 1997లో వచ్చిన ఆటో ట్యూన్ వంటి శ్రుతి సవరణ పరికరాలు ఇప్పుడు వేదిక మీద కొన్ని మిల్లీసెకన్లలోనే స్వరాన్ని సరిచేస్తాయి. కానీ అవి గాలి పోయలేవు. పాడని మాటను పుట్టించలేవు. పైగా రొప్పుతున్న గొంతులో స్వరం కన్నా గాలి శబ్దం ఎక్కువైతే ఏ స్వరమో పోల్చుకోలేక అవి తడబడతాయి, గొంతు విచిత్రంగా వణుకుతుంది. అలాంటి వణుకు వినిపించిందంటే, మైకు తెరిచి ఉందనడానికి అదొక సాక్ష్యం.

సభలో కూర్చుని గుర్తుపట్టడానికి నేను నమ్మే మార్గం పాట వినడం కాదు, పాట అయ్యాక మాట వినడం. రెండు నిమిషాలు ఉద్ధృతంగా ఆడి, పాటంతా నిలకడగా వినిపించి, వెంటనే ప్రేక్షకులను పలకరించేటప్పుడు మాట మాటకూ రొప్పుతుంటే, ఆ నిలకడ ట్రాకుది. పాటలోనూ మాటలోనూ ఒకే ఆయాసం ఉంటే ఆ పాట ఆ మనిషిదే. ఇంటి దగ్గర తీరిక ఉంటే ఇంకా గట్టి పరీక్ష ఒకటుంది: ఒకే పర్యటనలో రెండు వేర్వేరు రాత్రుల వీడియోలు తీసుకుని ఒకే పాటను పక్కపక్కన పెట్టి నడపండి. మనిషి గొంతు ఒకే పంక్తిని రెండుసార్లు అచ్చుగుద్దినట్టు పాడలేదు. అచ్చు నిడివి, ఊపిరి చోటు, హల్లు పడే క్షణం ఎక్కడో ఒకచోట తేడా వస్తాయి. రెండు రాత్రులూ చివరిదాకా వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసిపోతే అది రికార్డింగ్.

మరోవైపు, ఎంఆర్ రిమూవ్డ్ పేరిట తిరిగే వీడియోలను నేను సాక్ష్యంగా తీసుకోను. కొరియాలో వాద్యం మాత్రమే ఉన్న ట్రాకును ఎంఆర్ అని, గొంతు కూడా ఉన్నదాన్ని ఏఆర్ అని పిలుస్తారు. ప్రసారంలోంచి వాద్యాన్ని తీసివేసి మిగిలినదే అసలు గొంతని ఆ వీడియోలు చెబుతాయి. ఆ తీసివేతలో వాద్యంతో పాటు గొంతు కూడా కొంత కొట్టుకుపోతుంది, మిగిలిన గొంతు ఉన్నదానికన్నా పేలవంగా వినిపిస్తుంది. కొరియా టీవీ వారపు సంగీత కార్యక్రమాల్లో గెలిచిన బృందం చివర నాట్యం లేకుండా మళ్లీ పాడే పాటను బట్టి ప్రతిభను తేల్చడం కూడా నాకు సబబనిపించదు. చేతిలో పూలగుత్తి, కళ్లలో నీళ్లు, ఎదుట కేకలు ఉన్నప్పుడు పాడినది ఆ గాయకుల కొలత కాలేదు.

ట్రాకు లేకపోతే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూశాను. ఆరుబయట జరుగుతున్న ప్రదర్శనలో రెండో పల్లవి మధ్య మొదటి కంప్యూటర్ నిలిచిపోయింది, ఒక కేబుల్ వదులై రెండోది అందుకోలేదు. డ్రమ్స్ వాయించే ఆయన ఆగలేదు. అంత పెద్ద మైదానంలో డ్రమ్స్ మీద గాయని గొంతు ఒక్కటే మిగిలింది, పలచగా, సగం గాలితో, కానీ శ్రుతి తప్పకుండా. ఆమె నాట్యం ఆపేశారు, వేదిక అంచుకు నడిచి వచ్చి నిలబడి పాట పూర్తిచేశారు. అప్పటికి జనం గొంతు కలిపారు. ఆ రాత్రి దాకా తన గొంతు ఒంటరిగా ఎలా ఉంటుందో ఆమె కూడా సభలో వినలేదు. మరుసటి వారం సాధనలో రెండు పాటల్లోంచి ప్రధాన గొంతు ట్రాకును పూర్తిగా తీసేయించారు, దానికోసం ఆ రెంటిలోనూ అడుగులు తగ్గించుకున్నారు.

చట్టం చేసి దీన్ని ఆపాలనేవాళ్లున్నారు. తుర్క్‌మెనిస్తాన్ 2005లో రికార్డింగ్ మీద పాడటాన్ని నిషేధించింది, చైనా కూడా అదే ఏడాది వాణిజ్య ప్రదర్శనల్లో ఉత్తుత్తి పాటతో ప్రేక్షకులను మోసగించరాదని నిబంధన పెట్టింది. కానీ ఫేడర్ ఏ గీత దాటితే మోసమవుతుందో ఏ నిబంధనా చెప్పలేదు. నా మటుకు గీత ఇది: సొంత గొంతు పొరలతో తన లైవ్ గొంతును ఆదుకోవడం పనిలో భాగం, రాత్రంతా మైకు మూసి ఉంచి టిక్కెట్టు అమ్మేటట్టయితే ఆ సంగతి కొనేవాళ్లకు ముందే చెప్పాలి.

మీ గాయని విషయానికొస్తే, మైకు దిగిన ఆ పల్లవిలో మీరు విన్నది ఆమె ట్రాకునే. గొంతు స్థాయి చెక్కుచెదరలేదంటే, అక్కడ ఊపిరి తీసుకోవాలని సాధనలోనే గుర్తుపెట్టుకుని, ఇంజనీరు ట్రాకు ఫేడర్‌ను ఒక మాత్ర ముందే పైకి తెచ్చి ఉంటారు. రెండు పాటల తర్వాత తెగిపోయిన పంక్తి మాత్రం దాదాపు కచ్చితంగా అప్పటికప్పుడు పాడినదే, ఎందుకంటే తెగిపోయిన పంక్తిని మామూలుగా ఎవరూ రికార్డింగ్‌లో ఉంచుకోరు. ఆ పాటలో ఆదుకునే ట్రాకు లేనట్టే, లేదా చాలా కిందికి ఉన్నట్టే. మీ దగ్గర మొదటి పాట వీడియో ఉంటే, మైకు దిగిన చోటు కాకుండా అది మళ్లీ నోటి దగ్గరికి వచ్చిన చోటు వినండి. తిరిగి అందుకున్న మొదటి మాటకు ముందు గాలి పీల్చుకున్న చప్పుడు వినిపిస్తే, ఆ మైకు అప్పుడు తెరిచే ఉండి ఉండవచ్చు.